పక్కింటి పిల్లకు వచ్చిన ఫోను

“ఆ గుంటని నీకూడా తీసుకెళ్తే నీ సొమ్మేటి పోద్దే?”

“నా పని పోద్దమ్మా. మాటిచ్చి మొహం చాటేసే మనుషులు నాకొద్దు.”

“మాటిచ్చింది హన్నాయేటి? అప్పటికది పుట్టనేలేదు.”

“దాని తల్లి ఇచ్చింది కదా. అంత పెద్ద చాన్సొస్తే భయపడి ఇంట్లో కూచుంది సలోమి. నేను వెళ్ళేను. మా ఇద్దరికీ అదే ఫరక్.”

“భయపడ్డాదని నువ్వు చూసేవా?”

“నువ్వే చెప్పేవు కదమ్మా! ఇప్పుడు దాని వకీలువైపోయేవేటి? ఛోడో. బీరకాయలు కొయ్యి.”

నేను కోయలేదు. కత్తి పళ్ళెంలో పెట్టేశాను. నువ్వే చెప్పావు కదా అంది నా కూతురు. నిజమే. నేనే చెప్పాను. ఆ మాట ముప్పై ఏళ్ళకు దగ్గరగా నాతోపాటు లేస్తోంది, నాతోపాటు పడుకుంటోంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆయన తెలియకుండానే పోయాడు.

మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. మూడో తరగతితో బడి మానిన దాన్ని, తిప్పి తిప్పి చెప్పడం చేతకాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

అప్పుడు మేం ఈ హిందీ ఊళ్ళోనే, ఉక్కు ప్లాంటు వాళ్ళ సెక్టర్ 4 క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనది ప్లాంటులో కరెంటు మరమ్మతు పని. ఏ వేళప్పుడు ఏది చెడినా పిలవాలి కాబట్టి మా ఇంటికి ఫోను ఇచ్చారు. ఆ వరసలో మాకొక్కరికే ఉండేది. బయటికి చేసుకోవడానికి వీల్లేకుండా డయలుకి తాళం వేసేదాన్ని. కానీ వచ్చే ఫోన్లకి ఏనాడూ అడ్డు చెప్పలేదు. వరసలో వాళ్ళంతా తమ చుట్టాలకి మా నంబరే ఇచ్చుకున్నారు. చావు కబురైనా, పురుటి కబురైనా, వెనక గుమ్మంలో నిలబడి నేనే కేకేసేదాన్ని. పొయ్యి మీద పాలు పొంగుతున్నా ముందు కేకేసేదాన్ని. ఆ ఒక్కసారి తప్ప.

సలోమి మా పక్క క్వార్టర్ పిల్ల. నా కూతురు సుగుణ ఈడుదే. ఇద్దరూ ఒకే కాలేజీ, ఒకే సైకిలు. ఆ ఏడు క్రిస్మస్‌కి చర్చి హాల్లో సలోమి నాటకం వేయించింది. రాసింది, నేర్పింది, లైట్లు ఎక్కడుండాలో కూడా తనే చెప్పింది. మా సుగుణ తెర తాడు పట్టుకుంది. ఉక్కు కార్మికుల కుటుంబాల మీద టీవీ కార్యక్రమం తీయడానికి ఢిల్లీ నుంచి వచ్చిన ఒకావిడ ఆ నాటకం చూసింది. తెలుగూ హిందీ వచ్చిన చురుకైన పిల్ల కావాలని, పని నచ్చితే తర్వాత కూడా తనతో ఉంచుకుంటానని సలోమితో చెప్పింది. సలోమి సరేనని మాటిచ్చి మా నంబరు ఇచ్చింది.

ఫోను నేనే ఎత్తాను. రేపు పొద్దున్నే పని మొదలు, సలోమిని పిలవండి అంది ఆవిడ హిందీలో. ఉండమని చెప్పి రిసీవరు పక్కన పెట్టి వెనక గుమ్మంలోకి వెళ్ళాను. సలోమి వాళ్ళ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నన్ను చూడగానే తడి చేతులు లంగాకి తుడుచుకుంది.

“పిన్నీ, నాకేనా ఫోను?”

“కాదమ్మా. బట్టలు ఆరేయేమోనని చూద్దామని వచ్చేను.”

అంతే. లోపలికి వచ్చి ఫోనులో, ఆ పిల్లకి పెళ్ళి కుదిరింది, రాదు, మా అమ్మాయి ఉంది, అదీ అలాంటిదే అన్నాను. సాయంత్రం సుగుణతో, సలోమికి భయమట, నిన్ను వెళ్ళమంది అన్నాను. ఇద్దరూ కలుసుకునే లోపే, తెల్లారకుండానే సుగుణ పనికి వెళ్ళిపోయింది.

ఎందుకు చేశాను? పెరట్లోకి వెళ్ళేదాకా నాకా ఆలోచనే లేదు. పిలవడానికే వెళ్ళాను. తెర తాడు పట్టుకుని చీకట్లో నిలబడ్డ నా పిల్ల గుర్తొచ్చిందా, చదువులో వెనకబడుతోందని మా ఆయన సంబంధాలు చూస్తున్న సంగతి గుర్తొచ్చిందా, లేక వాళ్ళు చర్చి వాళ్ళు, మనవాళ్ళు కారు అన్న పాడు బుద్ధి నాలో ఎక్కడో ఉండి ఆ పూట నోరు తెరిచిందా? మనవాళ్ళ పిల్లే అయితే ఆ అబద్ధం ఆడేదాన్నా? తెలియదు. తెలియదనడం కూడా తప్పించుకోవడమే.

సుగుణ తనని దాటి వెళ్ళి ఆ పని అడిగి తెచ్చుకుందని సలోమి అనుకుంది. పిరికిదై మానేసి ఇప్పుడు కుళ్ళుకుంటోందని సుగుణ అనుకుంది. ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. నా కళ్ళ ముందే ఆగిపోయాయి.

ఇక సుగుణ గురించి చెప్పాలి. లేకపోతే మీకు సగమే తెలుస్తుంది.

నా కూతురు టీవీ ప్రొడ్యూసర్. డబ్బు పెట్టే మనిషిని అలా అంటారనుకున్నాను చాలాకాలం. కాదట. మనుషుల్నీ, చోటునీ, వేళనీ సమకూర్చి కార్యక్రమాన్ని నిలబెట్టే మనిషట. ఆ ఢిల్లీ ఆవిడ దగ్గర వైర్లు చుట్టింది, టీలు అందించింది, మన తెలుగు ఆడవాళ్ళు చెప్పింది హిందీలోకి మార్చి చెప్పింది. తర్వాత హైదరాబాద్ వెళ్ళి ఎడిటింగు గదిలో నేల మీద పడుకుని పని నేర్చుకుంది. ఎవరి సిఫార్సూ లేదు. పాత సెట్టు వెనక కట్టే గుడ్డకి రంగు మార్పించి కొత్త కార్యక్రమం నడిపిందని ఆఫీసులో మెచ్చుకున్నారట. నా చిరుగు చీరలు కిటికీ తెరలు కావడం చూసి పెరిగిన పిల్ల మరి. ఒకసారి, భర్త పోయిన ఒకావిడ ఏడుపు సరిగా రికార్డు కాలేదని, మళ్ళీ ఏడిపించి తీయమన్నారట పైవాళ్ళు. తీయనంది. ఉద్యోగం పోయింది. కొన్ని నెలలు మా దగ్గరే కూర్చుంది, కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

కార్యక్రమం చివర పేర్లు గబగబా పైకి పోతాయి. అందరూ అప్పటికే లేచిపోతారు. అక్షరాలు కూడబలుక్కుని చదివే నేను ఆ ఒక్క పేరు మాత్రం ఎంత పరుగెత్తినా పట్టుకుంటాను. నాకు గర్వమే. ఎందుకు దాచాలి? సలోమికి రావలసిన చోటు నేను కాజేశాను. ఆ చోట నిలబడి పని చేసింది మాత్రం నా కూతురు. ఇలా ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో. అది నిజమే. నిజమైతే మాత్రం సరిపోతుందా? సలోమి వెళ్ళి ఉంటే ఎంతదాకా వెళ్ళేదో ఎవరికీ తెలియదు. తెలియకుండా చేసింది నేను.

సలోమి ఇప్పుడు ఇదే ఊళ్ళో, మరోదాలో ఉంటోంది. పిల్లలకి ట్యూషన్లు చెబుతుంది. సుగుణ నాలుగు రోజులు ఉండి వెళ్దామని మా స్మృతి నగర్ ఇంటికి వచ్చిందని విని, ఇన్నేళ్ళ తర్వాత మా గడప తొక్కింది. తన కోసం కాదు. కూతురు హన్నాకి కెమెరా పనంటే ప్రాణమట, సుగుణ దగ్గర పెట్టుకుంటుందేమోనని. నిలబడే అడిగి నిలబడే వెళ్ళిపోయింది. సలోమి వీధి మలుపు తిరగ్గానే మొదలైంది మొదట చెప్పిన గొడవ.

తల్లి పిరికిది కాబట్టి కూతురు పనికిరాదట. నా అబద్ధం ఒక మనిషితో ఆగక దాని బిడ్డ దాకా వచ్చింది. అప్పుడు చెప్పేశాను. కత్తి పళ్ళెంలో పెట్టి, సుగుణ మొహం చూస్తూనే చెప్పాను.

అది కుర్చీ నా దగ్గరికి లాక్కుని, ఆ ఢిల్లీ ఆవిడ సరిగ్గా ఏమంది, నువ్వేమన్నావు, మొదటినుంచి మళ్ళీ చెప్పమంది. తన కార్యక్రమాల్లో బయటి మనుషుల్ని అడిగినట్టే అడిగింది. మళ్ళీ చెప్పాను. రెండోసారి చెబుతుంటే ఒక్క సాకూ మిగల్లేదు. ఊపిరి మాత్రం తేలిగ్గా ఆడింది. అందుకు సిగ్గేసింది కూడా.

“సలోమికి నువ్వే చెప్పాల. నేను చెప్తే అది నా గొప్పయిపోద్ది” అంది సుగుణ.

మర్నాడు పొద్దున్న ఇద్దరం ఆటోలో మరోదా వెళ్ళాం. సలోమి తలుపు తీసింది. వెనకాల హన్నా నిలబడి ఉంది. కూర్చోమంటారని చూడకుండా మొదలుపెట్టాను. ఫోను, పెరడు, నేనన్న మాట, ఢిల్లీ ఆవిడకి చెప్పింది, సుగుణకి చెప్పింది, అన్నీ చెప్పాను. అయ్యాక సలోమి నా వైపు చూడలేదు. సుగుణని అడిగింది, నీకు తెల్దా అని. నిన్నే తెలిసింది అంది సుగుణ.

సలోమి లోపలికి వెళ్ళి ఒక కుర్చీ తెచ్చి సుగుణకి వేసింది. నేను బయటికి వచ్చి ఆటోలో కూర్చున్నాను.