పెన్‌డ్రైవు రాత్రి ఎక్కడ పడుకుంది?

మా లక్ష్మీనరసయ్య మామకు ఒక్కటే పిచ్చి. ఎవరి చేతిలో పెన్‌డ్రైవు కనపడినా, పెళ్లిసంబంధానికి వచ్చినవాళ్లను ఆరా తీసినట్టు దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ అడిగేవాడు. ఏ ఊరి నుంచి వచ్చింది, దారిలో ఎవరింటికి పోయింది, రాత్రి ఎక్కడ పడుకుంది. ఈ మూడింటికీ జవాబు చెప్పందే దాన్ని గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

మార్కాపురం బస్టాండు దగ్గర సందులో మామది డీటీపీ, జిరాక్సు దుకాణం. పక్కనే నాది సెల్‌ఫోన్ రీచార్జి దుకాణం. మధ్యలో ఉన్నది చెక్క అడ్డం కాబట్టి ఆ విచారణలన్నీ నా చెవిన పడేవి. జనం ఫోన్లలోకి ఇంకా ఇంటర్నెట్ రాని రోజులవి. పాట కావాలన్నా, ఫోటో కావాలన్నా, పెన్‌డ్రైవును జేబులో వేసుకుని మనిషే బస్సెక్కాలి. దాంతోపాటు పురుగులు కూడా టిక్కెట్టు లేకుండా వచ్చేవి.

"అందరూ వైరస్ అంటుంటే నువ్వు పురుగంటావేంది మామా?" అని ఒకసారి అడిగాను.

"ఇది ఎవరూ పిలవకుండానే పాకుతుందిరా. ఒక పెన్‌డ్రైవు నుంచి కంప్యూటర్లోకి, అందులోంచి ఇంకో పెన్‌డ్రైవులోకి. పాకేదాన్ని పురుగనక ఏమంటారు?"

దుకాణంలో రెండు కంప్యూటర్లు. లోపలిది ప్రింటింగుకు. గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్న ముసలిదాని పేరు వసారా. ఎంత గొప్పవాళ్ల పెన్‌డ్రైవైనా ముందు వసారాలో కాళ్లు కడుక్కోవాలి. ఎడమచేత్తో షిఫ్ట్ మీట నొక్కిపట్టి, కుడిచేత్తో పెన్‌డ్రైవు గుచ్చేవాడు మామ. అట్లా నొక్కితే అందులోది తనంతట తాను తెరుచుకోదట. అంతసేపూ ఆయన ఊపిరి కూడా బిగబట్టేవాడు. ఆయన్ని చూసి ఎదురుగా ఉన్నవాళ్లూ బిగబట్టేవాళ్లు.

ఒకసారి త్రిపురాంతకం నుంచి నరసింహులు అనే రైతు శుభలేఖల కోసం వచ్చాడు.

"ఇందులో మేటరు ఎవరి కంప్యూటర్లో కొట్టించినావు నాయనా?"

"మా బావమరిదిదాంట్లో."

"మీ బావమరిది మంచోడేనా?"

"బంగారం."

"పాటలు ఎక్కడ ఎక్కించుకుంటాడు?"

"ఎక్కడ దొరికితే అక్కడ."

"అయితే మంచోడు కాదు" అని తేల్చేశాడు మామ.

నరసింహులు ముఖం మాడ్చుకున్నాడు. ఆయన కోపం తగ్గేలోపే మామ పురుగును తీసేసి, బావమరిది ఇల్లు ఏ వీధిలో ఉందో కూడా కనుక్కున్నాడు. ఆ ఆదివారం సంచి తగిలించుకుని త్రిపురాంతకం బస్సెక్కాడు. ఆదివారమైతే చాలు, ఏదో ఒక ఊరికి పోయేవాడు. "మీ మామకు భక్తి ముదిరింది" అనేది రాజ్యలక్ష్మి అత్త. ప్రసాదం తేని భక్తుడు ఎట్లాంటి భక్తుడో నాకు అర్థమయ్యేది కాదు. ఆ అత్తను పెట్టిన తిప్పలు తక్కువా? వాళ్లమ్మ చూడటానికి వస్తే, సంచి లోపల పెట్టకముందే "బస్సులో పక్కన ఎవరు కూర్చున్నారు అత్తయ్యా?" అని అడిగిన మనిషి.

ఒక్క మాటకు మాత్రం ఆయనకు నిజంగా ఒళ్లు మండేది. "మొత్తం ఫార్మాట్ చేసెయ్యి, ఏముంది" అని ఎవరన్నా అంటే చాలు, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేవాడు. "తలలో పేలు పడితే దువ్వెన తీసుకుంటావా, కత్తి తీసుకుంటావా?" అనేవాడు.

ఒకరోజు పొద్దున్నే కురిచేడు నుంచి చంద్రశేఖరరావు గారు రుసరుసలాడుతూ దిగారు. అక్కడ స్టేషన్ రోడ్డులో ఆయనకు అద్దె గదులున్నాయి. కూతురి పెళ్లి ఫోటోలన్నీ పెన్‌డ్రైవులో ఉన్నాయట. ఫోటోగ్రాఫరు తన దగ్గర చెరిపేశాడట. ఇప్పుడు ఫోల్డరు నొక్కితే ఏమీ రావడం లేదట.

"నా గదిలోనే జిరాక్సు పెట్టుకుంది, నాగమల్లేశ్వరి అని ఒక పిల్ల. ఆమె కంప్యూటర్లో పెట్టించినాక ఫోటోలన్నీ పోయినాయి. ముందు నువ్వు ఇవి తియ్యి నరసయ్యా. సాయంత్రానికి ఆ పిల్లను గది ఖాళీ చేయిస్తా. ఊరందరికీ తెగులు అంటిస్తావుంది."

మామ షిఫ్ట్ నొక్కి పెన్‌డ్రైవు గుచ్చాడు. ఫోటోలు ఎక్కడికీ పోలేదు. పురుగు అసలు ఫోల్డరును దాచేసి, అదే పేరుతో తాను కూర్చుంది. మామ దాన్ని చెరిపేసి, నల్ల తెర తెరిచి ఒక్క వరుస ఆదేశం కొట్టాడు. దాగిన ఫోల్డరు బయటికొచ్చింది. తలంబ్రాలు పోస్తున్న కూతుర్ని చూసి రావు గారికి కళ్లు చెమర్చాయి గానీ కోపం పోలేదు.

"సరే, ఇంక ఆ పిల్ల సంగతి చూస్తా" అని లేచారు.

మామ గొంతు సవరించుకున్నాడు. "ఈ పెన్‌డ్రైవు మీ అమ్మాయి శుభలేఖలప్పుడు నా దగ్గరికి వచ్చింది గదండీ?"

"వచ్చింది."

"అయితే పురుగు నాదేనండి. ఇక్కడే అంటుకుంది. ఆ పిల్లకు కూడా దీన్నుంచే పోయింటుంది."

నా చేతిలో సిమ్ కార్డు జారిపోయింది. శుభలేఖల రోజు నేను అక్కడే ఉన్నాను. ఆ పెన్‌డ్రైవు వసారాలో కడిగిన ముత్యంలా తేలింది. మామ సంతోషంగా నాకు చూపించాడు కూడా.

"ఊరందర్నీ రాత్రి ఎక్కడ పడుకుందని అడుగుతావే, నీ దుకాణంలోనే పురుగుల పుట్ట పెట్టుకుని" అని రావు గారు అందరి ముందూ దులిపేశారు. మామ "పొరపాటైపోయింది" అంటూ తల గోక్కున్నాడు. మధ్యాహ్నానికల్లా బస్టాండంతా ఇదే ముచ్చట.

"ఎందుకు మామా లేని నింద నెత్తినేసుకుంటివి?" అని నేను పోట్లాటకు దిగాను.

"ఆ పిల్ల పుట్టించిందా పురుగును? ఎవడో జేబులో తెచ్చిచ్చినాడు. నన్ను నాలుగు మాటలంటారు, దులుపుకుంటా. ఆమెకు దుకాణమే పోతుంది."

"మరి అందర్నీ అంత ఆరా తీసేదెందుకు?"

"ఎక్కడుందో తెలీకపోతే ఎక్కడికని పోయి తీసేది? ఆదివారం నువ్వూ రా."

అప్పటికి గానీ నాకు ఆ ప్రసాదం లేని భక్తి అర్థం కాలేదు. ఈ మనిషి ఇన్నాళ్లూ ఆదివారాలు పాడుచేసుకుని, ముక్కూముఖం తెలీనివాళ్ల కంప్యూటర్లు ఊరికే బాగుచేసి వస్తున్నాడు. అంతకుముందెప్పుడూ నాకు ఆయన మీద అంత ప్రేమ కలగలేదు.

ఆదివారం ప్యాసింజరెక్కి కురిచేడులో దిగాం. నాగమల్లేశ్వరి ఒక్కతే దుకాణంలో కూర్చుని ఉంది. మామ పేరు చెప్పకుండా, "కంప్యూటర్లు బాగుచేస్తుంటా తల్లీ, ఊరికే చూసిపోతా" అని జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు. ఆ పిల్ల చటుక్కున కంప్యూటరుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏ ఊరి నుంచి వచ్చినారు పెద్దాయనా?"

"మార్కాపురం."

"అయితే అది పెట్టబాకండి. అక్కడ లక్ష్మీనరసయ్య అని ఒకాయన ఉన్నాడంట, దుకాణం నిండా పురుగులేనంట. తప్పు నీది కాదులే, ఆయనదే అని మా ఓనరు చెప్పినాకే నాకు ఈ గది నిలబడింది. మీ పెన్‌డ్రైవు రాత్రి ఎక్కడ పడుకుందో ఏమో."

నేను నవ్వాపుకోలేక రోడ్డు మీదికి వచ్చేశాను. లోపల మామ ముఖం వెలిగిపోతోంది. పెన్‌డ్రైవు జేబులో వేసుకుని, "మంచిపని చేసినావు తల్లీ. చేత్తోనే తీద్దాం" అని కూర్చున్నాడు. లోపల తిరుగుతున్న పురుగును ఆపాడు. కంప్యూటరు లేవగానే అదీ లేవకుండా జాబితాలోంచి దాని పేరు తీసేశాడు. మూలమూలల దాక్కున్న ముక్కలు ఏరేశాడు. తర్వాత షిఫ్ట్ మీట చూపించి, ఆమె చేతే ఒక పెన్‌డ్రైవు పెట్టించాడు. ఆమె కూడా ఊపిరి బిగబట్టింది.

బయల్దేరుతుంటే ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చింది. "మీరు మంచోళ్ల మాదిరున్నారు పెద్దాయనా. ఆ లక్ష్మీనరసయ్య దుకాణానికి మాత్రం పోబాకండి."

"పోను తల్లీ" అని మామ మాటిచ్చాడు.

తిరుగు రైల్లో అడిగాను. "మాటిచ్చినావు గదా మామా, రేపు దుకాణం ఎట్ల తెరుస్తావు?"



"నువ్వే తెరువు అల్లుడా. నేను వసారాలో కూర్చుంటాలే."