మాయమ్మ బొంతని పురిటికి పరిసీసినారు

ఆ బొంత నాది. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టినాది. అనాల్సిన రోజున అన్నాను గానీ ఎవలూ ఇన్నేదు.

నాను అయిదో తరగతి వరకే సదివినాను. రాయడం ఇదే మొదలు. మాటాడినట్టే రాస్తన్నాను, ఇంకోలాగ నాకు రాదు. తప్పులుంటే ఊరుకోండి.

పంతొమ్మిదొందల అరవయ్యేడో అరవయ్యెనిమిదో, సరిగ్గా గురుతు నేదు. మా ఊరు కోటబొమ్మాళి దగ్గర. స్టేషనుకాడ ఒక టైలరు ఉండీవోడు. మాయమ్మా నానూ ఆయన కుట్టిన సొక్కాలకి ఇంటికాడే కాజాలు తీసీవోల్లం, బొత్తాలు కుట్టీవోల్లం. మిసను కింద పడ్డ గుడ్డముక్కలు మమ్మల్ని ఏరుకోనిచ్చీవోడు. లంగా పీలికలు, నిక్కరు గుడ్డ, పువ్వుల సీటీ గుడ్డ, ఏదొస్తే అది.

మాయమ్మ పాత కేలండరు అట్ట కత్తిరించి మూడుమూలల కొలతొకటి సేసుకున్నాది. ఆ అట్ట ఎట్టి ముక్కలు కోసీది. రెండు ముక్కలు కలిపితే ఒక పలక. నాలుగు పలకలు కలిపితే ఒక గడి. ఎర్రముక్క దొరికితే ముందు ఉడుకునీళ్ళల్ల పడీసీది. రంగు దిగిపోతే ఆ ముక్క పొయ్యిలోకే. "ఇప్పుడు ముక్క పోతే పోనీ, తరవాత బొంతంతా పాడైపోతాది" అనీది. దారం కొనీది కాదు. పాత సీర అంచులోంచి పోగులు లాగి పేనీది.

ఆవిడ కుట్టు ఆవగింజంత. నాది అలగ వొచ్చీది కాదు. తొందర నాకు. నా గడి సేతిలోకి తీసుకొని వెలుతురుకి పట్టి సూసీది.

"ఒలే గుంటా, ఈ కుట్టుకీ ఆ కుట్టుకీ మద్దిన ఎడ్లబండి తోలీయొచ్చే."

"తోలుకో అమ్మా, నానేటి వద్దన్నానా."

"ఇప్పు. మల్లీ కుట్టు."

ఇప్పీదాన్ని. మల్లీ అలగే కుట్టీదాన్ని.

ముప్పై గళ్ళు అనుకున్నాది. పదెనిమిది అయ్యీసరికి జొరం తగిలి పోనాది. మిగిల్న పన్నెండూ నాను కుట్టినాను. ఆవిడ సీరలు రెండున్నాయి, ఒకటి నీలంది, ఒకటి ఆకుపచ్చది. ఆ రెండూ నేలమీద పరిసి, నాలుగు మూలలా రాళ్ళెట్టి, పైన గళ్ళు అమర్చి, అంచునుంచి లోపలికి సుట్టూ తిరుగుతా కుట్టుకొచ్చినాను. మాయమ్మ గళ్ళు నడుమన, నా గళ్ళు అంచున. దూరంనుంచి సూస్తే అంతా ఒకటే. దగ్గరకొస్తే ఏది ఎవలు కుట్టినారో ఇట్టే తెలిసిపోతాది.

మా నాన్న సాలూరు లారీల మీద పోయీవోడు. ఇంట్లో ఆడపిల్లని ఒక్కదాన్నీ ఒగ్గలేక ఆ ఏడాదే నన్ను శ్రీకూర్మం వైపు ఒక ఇంటికి ఇచ్చీసినాడు. నాతో ఒక రేకుపెట్టె ఎల్లినాది. పెట్టె అడుగున బొంత. పరుసుకోడానికి కాదు. అప్పుడప్పుడు పెట్టె తీసి సెయ్యెట్టి సూసుకోడానికి.

ఇక్కడ మా వైపు పద్ధతొకటి సెప్పాలి. పురిటికి పరిసిన బొంత మల్లీ ఇంట్లోకి రాదు. పదకొండోనాడు సాకలావిడ వొచ్చి మూటగట్టి అట్టుకెల్లిపోతాది. అది ఆవిడ హక్కు. అందుకే ఏ ఇంట్లో అయినా పురుడంటే సిరిగిపోయిన బొంతే తీస్తారు. మంచిది ఎవలూ తియ్యరు. ఈ సంగతి మా అత్తకి నాకంటే బాగా తెలుసు. అది గురుతెట్టుకోండి.

ఆడపడుచు తొలి పురిటికి పుట్టింటికి వొచ్చినాది. ఉబాల రోజులు, నాను పొద్దున్నే వరినాట్లకి ఎల్లిపోనాను. మద్యాన్నం తిరిగొచ్చీసరికి పురుడైపోనాది. గదిలోకి తొంగి సూసినాను. ఆడపడుచు కింద నా బొంత. నీలం సీర అంచు ఒక మూల బయటికి వొచ్చి ఉన్నాది. దానిమీదంతా రగతం.

నా సేతులకి ఇంకా బురద ఉన్నాది. అలాగే నిలబడిపోనాను.

"ఏటే అలగ నిలబడిపోనావు?" అన్నాది మా అత్త. "మగపిల్లడు పుట్టినాడు. నవ్వుమొగం ఎట్టు."

"అత్తా, అది నా బొంత."

"ఇంట్లోకొచ్చినాక నీదేటి, నాదేటి."

"మరి నీ మంచం మీదొకటి ఉన్నాది కదా. అది తియ్యలేకపోనావా?"

"ఒలమ్మ, దీని నోరు సూడండి. అది తీసీస్తే నాను దేనిమీద తొంగోవాలే? నడుంనొప్పి మనిషిని."

"సిరిగిపోయింది అటకమీద ఉన్నాది."

"నా కూతుర్ని పీలికల మీద తొంగోబెడతానేటి?"

లోపల్నుంచి ఆడపడుచు, నీరసంగా, "పోనీలే ఒదినా, మెత్తగా ఉన్నాది" అన్నాది. ఆ పిల్లని ఏటంటాను. దానికేటీ తెల్దు.

సాయంత్రం మా ఆయనకి సెప్పినాను. కాళ్ళు కడుక్కుంటా ఇన్నాడు.

"ముక్కలే కదే. మల్లీ కుట్టు."

"మాయమ్మ సీరలు మల్లీ ఎక్కడ తెస్తావు మావా?"

"సచ్చిపోయినోల్ల సీరలు ఇంట్లో ఎందుకు?"

అనీసి తువ్వాలు అందుకున్నాడు. మంచి మనిసే, నన్నెప్పుడూ సెయ్యెత్తి కొట్టనేదు. కానీ ఆ మాట నాకు ఇప్పటికీ గొంతు దిగనేదు. చాన్నాల్లు అతనికి కంచంలో అన్నం ఎట్టీదాన్ని గానీ ఎదర కూకోనేదు.

పదకొండోనాడు సాకలావిడ వొచ్చినాది. మా అత్తకంటే పెద్దది. బొంత సేతిలోకి తీసుకొని తిప్పి సూసి, "ఇది మంచిదిలాగుంది. ఎవలిదమ్మా?" అన్నాది.

"మాదే. తీసుకెల్లు" అన్నాది మా అత్త.

నాను పొయ్యికాడ ఉన్నాను. నోట్లోంచి మాట రానేదు. దానికి మా అత్తమీద ఎంత కోపమో నామీద అంతకంటే ఎక్కువ.

నాలుగు రోజులు ఆగి సాకలోల్ల వీధికి ఎల్లినాను. ఎవల్నీ అడగనేదు. ఆవిడ ఇంటి ముందర దండెం మీద నా బొంత ఆరతన్నాది. సవుడుమట్టి నీళ్ళల్ల నానబెట్టి, బానమీద ఆవిరిపట్టి, బండకేసి బాదినారు. మరక నేదు. కానీ అంచు గళ్ళన్నీ ఇడిపోయి యేలాడతన్నాయి. అవి నావి. నడుమనున్న పదెనిమిదీ ఒక్క కుట్టు కదల్నేదు.

"ఇది నాది సిన్నమ్మా, ఇచ్చీ" అన్నాను. దొంగని సూసినట్టు సూసినాను ఆవిడని. ఇప్పుడు తలుసుకుంటే సిగ్గుగా ఉంటాది.

ఆవిడ నన్ను కింద నుంచి మీద దాకా సూసినాది. "కోడలమ్మా, నాను అడిగే తెచ్చుకున్నాను. ఎవలిదని అడిగినాను. నువ్వక్కడే ఉన్నావు. నువ్వేటి అన్నావు?"

నాను దండెంకాడికెల్లి బొంత అంచు పట్టుకున్నాను.

"సరే, తీసుకెల్లు. నాకేటి. మీ అత్త గుమ్మం తొక్కనిస్తాదేటి దీన్ని?"

తొక్కనియ్యదు. పశువులశాలలో కూడా ఎట్టనియ్యదు. దాన్ని అట్టుకొని నాను ఎక్కడికెల్తాను? మాయమ్మ నేదు, మా నాన్న ఏ రోడ్డు మీద ఉన్నాడో తెల్దు.

ఆవిడ సూదిడబ్బా తెచ్చి నా ముందర ఎట్టినాది. "ఇడిపోయినకాడ కుట్టీసి ఎల్లు. మా మనవరాలు దీనిమీద తొంగుంటాది. అతుకు ఎక్కడెక్కడ కలపాలో నాకు తెల్దు, నీకు తెలుసు."

కుట్టినాను. మూడు మద్యాన్నాలు ఆ అరుగుమీద కూకోని కుట్టినాను. నా పన్నెండు గళ్ళూ పూర్తిగా ఇప్పీసి, మాయమ్మ గడి పక్కనెట్టుకొని, సూసి సూసి, అలాటి కుట్టే ఏసినాను. ఆవగింజంత. మాయమ్మ బతికుండగా ఒక్కసారీ రాని కుట్టు అప్పుడొచ్చినాది, పరాయోల్ల అరుగుమీద, పరాయోల్ల పిల్లకోసం. నాకెంత మంటో రాయలేను. సూది గుచ్చుకుంటే నొప్పి కూడా తెలిసీది కాదు.

మూడోనాటికి మా అత్తకి తెలిసిపోనాది. నూతికాడ నలుగురి ముందర, "మా కోడలు పురిటిబొంత కుట్టడానికి సాకలోల్ల ఇంటికెల్తన్నాదట. ఇంటికాడ పని సాలదు కాబోలు" అన్నాది. నాను బిందె ముంచుకొని వొచ్చీసినాను.

మరుసటేడు నాకు నెలలు నిండినాయి. పుట్టిల్లు నేదు కదా, పురుడు అక్కడే. నెప్పులు మొదలైనాక మంత్రసాని గది ఊడ్సి, "బొంతేది?" అన్నాది.

"అటకమీద సిరిగింది ఉన్నాది, తీస్తాను" అన్నాది మా అత్త.

నాను గోడ పట్టుకొని లేసినాను. మా అత్త మంచంకాడికి నడిసినాను. బొంత రెండు సేతుల్తో లాగి, ఈడ్సుకుంటా గదిలోకి తెచ్చి, నేలమీద పరిసి తొంగున్నాను. మంత్రసాని నోరు తెరిసి సూస్తన్నాది.

మా అత్త గుమ్మంలో నిలబడిపోనాది. అరవనేదు. మెల్లగా, "అది మాయమ్మ కుట్టిందే" అన్నాది.

అప్పటిదాకా నాకా సంగతి తెల్దు. తెలిసినాక ఇంకా మండినాది. తెలిసే సేసిందన్నమాట.

"నాదీ అంతే అత్తా" అన్నాను.

ఆడపిల్ల పుట్టినాది. పదకొండోనాడు సాకలావిడ వొచ్చి బొంత సూసి, సుట్టకుండా ఆగినాది. మా అత్త వైపు సూసి, "ఎవలిదమ్మా ఇది?" అన్నాది. మా అత్త కొంగుతో మొగం తుడుసుకున్నాది. సాకలావిడ నా వైపు తిరిగినాది.

"మాదే. తీసుకెల్లు" అన్నాను.

నాకప్పుడు జాలేసినాదని రాస్తే మీకు బాగుంటాది. ఎయ్యనేదు. అలగని మనసు సల్లబడిందా అంటే అదీ నేదు. నీలం సీర రానేదు, ఆకుపచ్చ సీర రానేదు.

ఆ సలికాలం మా అత్త సాపమీద గోనె ఏసుకొని తొంగున్నాది. నెల్లాల్లు సూసి, ఒకనాడు పాత సీరలు నా ముందర పడీసి, "నీకు కుట్టడం వొచ్చు కదే, నాకొకటి కుట్టియ్యి" అన్నాది.

కుట్టిచ్చినాను. కాదన్నేదు. కానీ మాయమ్మ కుట్టు ఏయనేదు. ఎడ్లబండి తోలీయొచ్చు, అలాటి కుట్లు ఏసినాను.