జారిన చోటు

జారిన పాదాన్ని పట్టి నిలబెట్టే దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన పట్టుకోకపోతే ఈ మాటలు రాసుకోవడానికి నాకు ఇల్లు మిగిలేది కాదు, ఆ ఇంట్లో మనుషులూ మిగిలేవారు కాదు.

మా తెలుగు సహవాసంలో కొత్త సంవత్సరం ఆరాధన రోజున ప్రతి ఒక్కరూ బుట్టలోంచి ఒక వాగ్దాన కార్డు తీసుకుంటారు. దాని మీద ఒక వాక్యం, కింద అధ్యాయం, వచనం ఉంటాయి. ఏడాదంతా అది దేవుడు మన ఇంటికి ఇచ్చిన మాట. ఆ ఏడాది నాకు వచ్చిన కార్డు భయపడవద్దని చెప్పింది. నేను మాట చదవలేదు, అంకెలు చదివాను. అధ్యాయానికి రెండంకెలు, వచనానికి రెండు. మొత్తం నాలుగు.

సింగపూర్‌లో నాలుగంకెల లాటరీని ఫోర్‌డీ అంటారు. పని నుంచి వస్తూ నేను రైలు మారే జురాంగ్ ఈస్ట్ స్టేషన్ దగ్గర ఆ టికెట్లు అమ్ముతారు. దేవుడిచ్చిన నంబరే కదా అని క్యూలో నిలబడ్డాను. మొదటిసారే చిన్న బహుమతి తగిలింది. సంఘంలో సాక్ష్యం చెప్పాలనిపించింది, కానీ నోరు రాలేదు. ఇది దేవుడిచ్చింది కాదని అప్పుడే నాకు అర్థం కావలసింది.

తరువాత ప్రసంగంలో వినిపించే ప్రతి రిఫరెన్సూ నాకు నంబరే అయిపోయింది. గబగబా రాసుకుంటున్న నన్ను చూసి పాస్టరుగారు, "వాక్యమంటే ఆకలి అలా ఉండాలి!" అని అందరికీ చూపించారు.

రెండుసార్లు ఇంట్లో దొరికిపోయాను. రెండోసారి నా భార్య కేకలు వేయలేదు.

"ఇంకొక్క అబద్ధం వింటే నేనూ పాపా కాకినాడ వెళ్ళిపోతామండి. ఆడినందుక్కాదు, దాచినందుకు."

మానేశాను. ఆరు వారాలు. ఏడో వారం శనివారం మళ్ళీ క్యూలో ఉన్నాను.

మా ఆరాధన జరిగే హాలు ఆ స్టేషన్‌కి దగ్గరే. పొద్దున్న ఇంగ్లీషు సంఘం, మధ్యాహ్నం మేము. ఇంగ్లీషు సంఘంలో ఘనా దేశపు సహోదరుడొకాయన ఉన్నాడు. ఓడల ఇంజన్లు బాగుచేస్తాడు, మా కోసం ఆగి కుర్చీలు సర్దుతాడు. ఆ ఆదివారం పాపకు జ్వరమని నా భార్యా పాపా రాలేదు. నేను కుర్చీ ఎత్తబోయి వంగితే జేబులోంచి టికెట్ జారిపడింది. ఆయన తీసి చూశాడు.

"బ్రదర్, ఇది ఎన్నో కీర్తన?"

నవ్వలేకపోయాను. కాకినాడ మాటతో సహా అంతా చెప్పేశాను. "నిన్న ఆ క్యూలో మళ్ళీ పడిపోయాను" అన్నాను.

ఆయన రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశాడు. "మా అమ్మమ్మ అనేది, పడిన చోటు చూడకు, జారిన చోటు చూడు అని. క్యూలో పడ్డావు, సరే. జారిందెక్కడ?"

"స్టేషన్ దగ్గర."

"అదీ పడిన చోటే."

"మొదటి బహుమతి వచ్చినప్పుడు."

"ఊహూఁ. ఇంకా వెనక్కి నడు."

నడిచి నడిచి కొత్త సంవత్సరం బుట్ట దగ్గర ఆగాను. కార్డు పర్సులోనే ఉంది. తీసిచ్చి, దాని మీది మాటల అర్థం ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఆ వాక్యాన్ని తన భాషలో, మెల్లగా, చివరిదాకా పలికాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా దాన్ని నేను చివరిదాకా విన్నది అదే మొదటిసారి.

"ఇంట్లో చెప్పావా?"

"చెబితే వెళ్ళిపోతుంది."

"రోగం దాచినవాడికి మందు దొరకదు. ఈ సామెత మాది కాదులే, ఇథియోపియా వాళ్ళది. అరువు తెచ్చుకున్నా."

స్టేషన్ దాకా నాతో వచ్చాడు. క్యూ దాటేదాకా తన ఊరి చేపల గురించి ఆపకుండా మాట్లాడాడు.

బుకిట్ బటోక్‌లో మా ఫ్లాట్ తలుపు తీసేసరికి నా భార్య చారు పోపు పెడుతోంది. కార్డూ టికెట్టూ బల్ల మీద పెట్టి, "నిన్న మళ్ళీ ఆడాను" అన్నాను. ఎలా మొదలైందో కూడా చెప్పాను. ఆమె పొయ్యి కట్టేసింది. టికెట్ తీసుకుని తేదీ చూసింది.

"నేనడగకముందే చెప్పారు," అంది. "ఇదే మొదటిసారి."

దుప్పటి కప్పుకుని సోఫాలో పడుకున్న పాప కార్డు అందుకుని చూసింది. "డాడీ! గాడ్ గివ్ యూ ప్రామిస్, యూ గో అండ్ బై ఫోర్‌డీ? కెనాట్ లైక్ దట్ లా!" అంది సింగపూర్ బడి ఇంగ్లీషులో. అలా చేయకూడదట.

వాళ్ళమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ వారమే ముగ్గురం కలిసి, జూదం మానాలనుకునేవారికి సలహా ఇచ్చే చోటికి వెళ్ళాం. ఇప్పుడు నేను పని నుంచి ఆ స్టేషన్ మీదుగా రాను, చుట్టు తిరిగి బస్సులో వస్తాను. పాము కరిచినవాడు బల్లికీ బెదురుతాడని ఘనా సహోదరుడు ఆటపట్టిస్తాడు. బెదరడంలో నాకిప్పుడు సిగ్గు లేదు.

ఈ కొత్త సంవత్సరం బుట్ట మా దాకా వచ్చినప్పుడు నా కార్డు నా భార్య తీసింది. కింది అంకెల మీద బొటనవేలు పెట్టి, "ఇప్పుడు చదవండి" అంది. చిన్నప్పటి నుంచి అంకెలతో సహా నోటికి వచ్చిన వాక్యమే. అయినా అంకెలు గుర్తొచ్చేలోపే మాట లోపలికి వెళ్ళిపోయింది.

ఇంతవరకూ చదివిన మీరు ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, మేము జారే చోటు మాకు ముందే చూపించు. దాచుకోకుండా చెప్పే ధైర్యమివ్వు. వినడానికి ఎదురుగా కుర్చీ వేసే మనిషిని ఒకరిని పంపు. ఆమేన్.