ఊదారంగు నీళ్ల తొట్టి

మొన్న దిల్‌సుఖ్‌నగర్ అక్వేరియం దుకాణంలో జబ్బుచేపను ఊదారంగు నీళ్లలో వేస్తుంటే నాకు చిన్ననాటి సంగతి గుర్తొచ్చింది.

పంతొమ్మిది వందల అరవై తొమ్మిది, ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలంటూ తెలంగాణ ఉద్యమం సాగుతున్న రోజులు. కోస్తా నుంచి వచ్చిన మా నాన్న ఇక్కడ చేపల డాక్టరు. ఒక ఉదయం సరూర్‌నగర్ చెరువులో చేపలు చచ్చి తేలాయని కబురొచ్చింది.

"పిల్ల వెంట ఉంటే ఎవరూ చెయ్యెత్తరండీ, తీసుకెళ్లండి," అంది అమ్మ నన్ను ముందుకు తోస్తూ.

గట్టంతా జనం. నాన్న ఒక చేప మొప్పలు విప్పి చూశాడు. ఒక తొట్టిలో నీళ్లు పోయించి చిటికెడు పర్మాంగనేటు పొడి కలిపాడు. నీళ్లు ఊదారంగుకు తిరిగాయి.

"గీ ఆంధ్రా సారు ఇసం కలుపుతుండు," అన్నాడొకడు.

నాకూ అది విషమనే అనిపించింది. నాన్నను కొట్టి చంపుతారని ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాను.

"జర ఆగుండ్రి. చేప బత్కుతదో సస్తదో సూద్దాం," అన్నాడు వల వేసే మల్లయ్య.

కొనఊపిరితో ఉన్న చేపల్ని నాన్న తొట్టిలో వదిలాడు. అందరూ చుట్టూ కూర్చున్నారు. నేను దేవుడికి మొక్కాను, నాన్న గడియారం చూశాడు. చాలాసేపటికి వెల్లకిలా తేలిన ఒక చేప బోర్లా తిరిగి తోక ఆడించింది.

"సారూ, గీ మందు చెరువంతటికీ ఎంత పడ్తది?" అడిగాడు మల్లయ్య.

వాళ్లెవరూ మా నాన్నను నమ్మలేదు. చూసేదాకా ఆగారు, అంతే. నాకు నాన్న మిగిలాడు.