రాందేర్ గాజుకూజా, మా పెద్దమ్మ

పోయిన నెల ఒక పొద్దున బ్యాంకులో క్యాష్ కౌంటర్ తెరుస్తుండగా పెద్దమ్మ కొడుకు సూరత్ పక్కనున్న జోల్వా నుంచి ఫోన్ చేశాడు. రాత్రి పెద్దమ్మ అతని దగ్గరే పడుకుందని నాకు తెలుసు. "అక్కా, అమ్మ లేస్తలేదు" అన్నాడు. నేనేదో అడగబోతుంటే, "లేదక్కా, పోయింది" అని ఏడ్చేశాడు. కౌంటర్ ముందు అప్పటికే జనం నిలబడ్డారు. తోటి ఉద్యోగినికి తాళాలిచ్చి బయటికి వచ్చేశాను.

ఆమె నాకు చుట్టం కాదు. సూరత్‌లోని ఉధ్నాలో మేం అద్దెకున్న ఇంటి పక్కగది ఆమెది. సిరిసిల్ల వైపు నుంచి భర్తతో కలిసి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. కొడుకు జోల్వాలో మగ్గాల మీద పనిచేస్తాడు, రమ్మంటే వెళ్లేది కాదు. "ఆడికి వోతె నన్నెవలు పిలుస్తరు బిడ్డా? ఈడ గల్లీ అంత నాదే" అనేది. చీరలకు లేసు కుట్టడం ఆమె పని. ఒంటి మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు దారప్పోగు అంటుకుని ఉండేది. కరోనా మొదలయ్యాక మిగిలిన చీర ముక్కలతో మాస్కులు కుట్టి గల్లీ అంతా పంచింది. జరీ అంచు మాస్కు పెట్టుకుని నేను బ్యాంకుకు వెళ్తే, పెళ్లికి వెళ్తున్నారా అని మేనేజర్ అడిగారు.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయి ఊరు ఊరంతా నిశ్శబ్దమైపోయింది. మన తెలుగువాళ్లు మూటలు కట్టుకుని నడిచి వెళ్లడం ఆమె గుమ్మంలో నిలబడి చూసేది. అలాంటి ఒక మధ్యాహ్నం నన్ను లోపలికి పిలిచి, బీరువా మీద నుంచి పాత చీరలో చుట్టిన వస్తువొకటి దించింది. లేత ఆకుపచ్చ గాజుతో చేసిన పూలకూజా. మూతి చుట్టూ బంగారు గీత. ఒంటి మీద తెల్లపూల కొమ్మ ఒకటి కుడివైపుకు వాలి ఉంది. ఆ రంగు చేత్తో వేసిందే. వేలితో తడిమితే ఉబ్బుగా తగులుతోంది.

"గిది నాది గాదు బిడ్డా" అంది.

తాపీ నది పొంగి సూరత్ మునిగిన ఏడాది సంగతి అది. సాంచాలు నీళ్లలో ఉంటే, భార్యాభర్తలిద్దరూ నది అవతల రాందేర్‌లో ఇళ్లలోంచి బురద ఎత్తే పనికి వెళ్లారట. ఒక సందులో పారేసిన బురదకుప్పలో ఇది దొరికింది. చుట్టుపక్కల ఇళ్లలో అడిగితే ఎవరి ఏడుపులో వాళ్లున్నారు. కొన్ని ఇళ్లకు తాళాలు. సాయంత్రం ట్రాక్టర్ వచ్చి కుప్పలు ఎత్తుకుపోతుంటే, పగిలిపోతుందని కొంగులో చుట్టుకుని తెచ్చుకుంది. తర్వాత మళ్లీ మళ్లీ వెళ్లింది కానీ బురద లేని ఆ సందును గుర్తుపట్టలేకపోయింది.

"ఒక్కనాడు పువ్వు వెట్టలె. పువ్వు వెడితె నాదైతది గద. గీ రోగమొచ్చి నేను పోతె నా కొడుకు కబాడీల తూకానికి ఇస్తడు. నీ ఫోన్ల సూడు జర, ఎవలిదో దొరుకుతదేమో."

ఎవరిదో ఫోన్‌లో తెలియదనీ, ఎవరు చేశారో మాత్రం తెలియవచ్చనీ అన్నాను. "అదన్న జెయ్యి, ఎక్కడి నుంచో తెలిస్తె ఎవలిండ్లకు వచ్చిందో తెలుస్తది" అంది. నేను అంతవరకు ఆలోచించలేదు.

పాత గాజు వస్తువులు సేకరించేవాళ్ల గుంపు ఒకటి ఫోన్‌లో వెతికి ఫొటోలు పెట్టాను. ఒకరు ఇటలీదన్నారు, ఒకరు జపాన్ అన్నారు, ఇంకొకరు ఫిరోజాబాద్‌లో ఇలాంటివి బోలెడు అన్నారు. కోల్‌కతాలో ఉండే ఒక రిటైర్డ్ టీచర్ మాత్రం ఏ పేరూ చెప్పకుండా, అడుగుభాగం చూపించమన్నారు. అతుకు గీతలు అరగదీసి ఉన్నాయా, అడుగు మధ్యలో గుంట నునుపుగా ఉందా అని ఓపిగ్గా అడిగారు. నోట్లు పరీక్షించే ఊదారంగు దీపం ఉంటే చీకట్లో దాని కింద పెట్టమన్నారు. నా బ్యాగులో చిన్న టార్చి ఉంది.

కిటికీకి దుప్పటి కట్టి టార్చి వెలిగించాం. కూజా అంతా పచ్చగా, లోపల దీపం పెట్టినట్టు వెలిగింది.

పెద్దమ్మ గోడకు అంటుకుపోయింది. "అమ్మో! దయ్యమున్నదా ఏంది దీంట్ల? ఇన్నేండ్లు దీని కిందనే పన్న గదనే!"

పూర్వం గాజులో యురేనియం కలిపేవారని, భయం లేదని టీచర్‌గారు ఫోన్‌లో చెప్పాకే దగ్గరికొచ్చింది. తర్వాత అడుగు మీద నోటితో ఆవిరి పట్టమన్నారావిడ. మాస్కు కిందికి లాగి, కళ్లజోడు తుడుచుకునేటప్పుడు ఊదినట్టు 'హా' అని ఊదింది పెద్దమ్మ. మంచులా కమ్మిన ఆవిరిలో కోడిగుడ్డు ఆకారంలో ఒక ముద్ర తేలింది. లోపల సన్నని ఇంగ్లీషు అక్షరాలు. చదివేలోపే ఆరిపోయింది. "మల్ల ఊదుత, నువ్వు ఫొటో గొట్టు" అంటూ ఊదుతూనే ఉంది. చివరికి చదవగలిగాను: చెకోస్లొవేకియా.

రెండు ప్రపంచయుద్ధాల మధ్య కాలంలో అక్కడినుంచి ఎగుమతైన వస్తువని టీచర్‌గారు నిర్ధారించారు. ఏ కార్ఖానాదో మాత్రం తేలలేదు. ఆ ముద్రను అక్కడ చాలామంది వాడేవారట. గాజు ఒకచోట ఊది, పూలు వేయడానికి చుట్టుపక్కల పల్లెల ఇళ్లకు పంపేవారట. ఆ పల్లెల్లో ఆడవాళ్లు కూడా ఇంట్లో కూర్చుని రంగులు వేసేవారని నేను చెబితే పెద్దమ్మ చేతిలోని లేసు కింద పెట్టింది.

"ఇంట్ల కూసోని పీసుల లెక్కన జేసిండ్రా? అయితె మనసొంటోళ్లే." ఆ కొమ్మ మీద వేలు పెట్టి, "గీ ఆకు కాడ చెయ్యి వణికింది సూడు ఆమెకు" అంది. చేసినవాళ్ల పేరు దొరకలేదన్న నిరాశ నాదే. ఆమెకు మనిషే దొరికినట్టుంది.

టీచర్‌గారు చివరగా ఇంకో మాట చెప్పారు. ఇలాంటివి జతలుగా చేసేవారట. ఒకదాని మీద కొమ్మ కుడికి వాలితే రెండోదాని మీద ఎడమకు వాలుతుందట. అది విని పెద్దమ్మ కూజాను దగ్గరికి లాక్కుంది. "అయితె దీని తోడుది వాళ్లింట్లనే ఉంటదే" అంది.

రాకపోకలు మొదలవగానే ఇద్దరం ఆటోలో రాందేర్ వెళ్లాం. ఒక బేకరీలో ముసలాయనకు కూజా చూపించి, పరదేశం నుంచి వచ్చిన పాత సామాను ఎవరిళ్లలో ఉంటుందని అడిగాను. ఆయన తిప్పి తిప్పి చూశాడు. ఒకప్పుడు రంగూన్‌లో వ్యాపారం చేసి తిరిగొచ్చిన కుటుంబాలు తెచ్చుకున్నవై ఉంటాయన్నాడు. అలాంటి ఇళ్లు కొన్ని చూపించాడు. రెండు గుమ్మాల్లో కాదన్నారు. ఆ తర్వాతి ఇంట్లో పెద్దమ్మ ఈడు ఆవిడే తలుపు తీశారు. కూజా చూసి గబగబా లోపలికి వెళ్లిపోయారు. మమ్మల్ని పొమ్మన్నారేమో అనుకున్నాం. తిరిగొచ్చినప్పుడు ఆవిడ చేతిలో రెండోది ఉంది. దాని మీద కొమ్మ ఎడమకు వాలి ఉంది.

అవి ఆవిడ అత్తగారివట. వరదరోజు భర్త తల్లిని వీపు మీద మోసుకుని మేడెక్కాడు, కింద ఉన్నదంతా నీళ్లపాలైంది. ఆ భర్త కూడా కొద్దివారాల క్రితం కరోనాతో ఆస్పత్రిలో పోయాడు. కడసారి ముఖం చూడనివ్వలేదని చెబుతూ, "నువ్వే ఉంచుకో బేన్, ఇన్నాళ్లు కాపాడావు" అని హిందీలో అన్నారు ఆవిడ.

"నై బేన్" అంది పెద్దమ్మ. ఆపైన హిందీ అందక నా వైపు తిరిగింది. "ఆమె ఒక్కతైంది, ఇవన్న జతగుండాలె అని చెప్పు." నేను చెప్పాను. దూరం దూరంగా నిలబడాల్సిన ఆ రోజుల్లో వాళ్లిద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని ఏడుస్తుంటే నేను వారించలేకపోయాను.

తిరుగు ప్రయాణంలో ఆటోలో పెద్దమ్మ అరచేతులు ఒడిలో వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది. "మంచిపనే జేసిన గద బిడ్డా? మరి గింత బాధెందుకైతుంది?" అంది. ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

తర్వాత వాళ్లిద్దరి స్నేహం నాకు వింతగా ఉండేది. ఈమె తెలుగు, ఆవిడ గుజరాతీ, మధ్యలో ఇద్దరికీ సగం సగం హిందీ. వీడియో కాల్‌లో ఏం వండారో చూపించుకునేవారు. రెండో విడత కరోనాలో పెద్దమ్మ మంచాన పడితే, ఆవిడ రాందేర్ నుంచి రోజూ ఎవరో ఒకరి చేత వేడి సూప్ పంపారు. అప్పుడు కోలుకుంది కానీ మునుపటి ఓపిక రాలేదు. అందుకే ఈమధ్య అప్పుడప్పుడు కొడుకు దగ్గరికి వెళ్లి ఉండేది.

పదోరోజు కార్యం జోల్వాలో చేశారు. రాందేర్ ఆవిడ పళ్లబుట్టతో వచ్చి, రేకుల షెడ్డు కింద మన ఆడవాళ్ల మధ్య కూర్చున్నారు. మనవాళ్లు పోయినామె మంచితనమంతా రాగం కట్టి ఏడుస్తున్నారు. గల్లీకంతా అన్నం పెట్టిన తల్లివి, ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు నడిచిన తల్లివి అంటూ. ఏమంటున్నారని ఆవిడ నన్ను అడిగారు. ఒక్కో మాటా చెవిలో హిందీలో చెబుతూ వచ్చాను. ఆవిడ తల ఊపుతూ విన్నారు. ఏడుపు కాస్త సద్దుమణిగినప్పుడు, ఉన్నట్టుండి ఆవిడ సన్నని గొంతుతో అందుకున్నారు, "మారీ బేన్... మారీ బేన్..." అని. నా తోబుట్టువా, నన్ను వెతుక్కుంటూ వచ్చావు, నన్ను వదిలి వెళ్లిపోయావు అని గుజరాతీలో.

ఆడవాళ్లందరూ ఒక్కక్షణం ఆగి ఆవిడ వైపు చూశారు. సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక ముసలమ్మ జరిగి ఆవిడ మెడ చుట్టూ చేయి వేసింది. అర్థం తెలియని ఆ మాటనే పట్టుకుని, మన రాగంలో, "మారీ బేన్" అంటూ ఏడుపెత్తుకుంది.