మెడదాకా జిప్పు

నెబ్రాస్కాలో మా ఊరి బడిలో వ్యవసాయం చెప్పే స్టెన్జెల్ మాస్టారికి ఒకటే పట్టుదల. వీపున గుడ్లగూబ, నాగలి, మొక్కజొన్న కంకి కుట్టిన విద్యార్థి రైతుల సంఘం నీలం కోటు తొడిగితే, జిప్పు మెడదాకా పెట్టాల్సిందే. పందికి స్నానం చేయిస్తున్నా సరే. నోటితో తిట్టరు, రెండు వేళ్ళు పొట్ట మీంచి గొంతుదాకా జరుపుతారు, అంతే.

మొన్న చర్చిలో ఆయన కూతురు మార్నీ పెళ్ళి. వరుడు కోల్బీ పాత శిష్యుడే. "ఈమెను భార్యగా స్వీకరిస్తావా?" అని పాస్టర్ అడిగిన క్షణంలో, కన్నీళ్ళు తుడుచుకోవడానికి మాస్టారి చెయ్యి పొట్ట మీంచి పైకి లేచింది. కోల్బీ మాట మింగేసి, సూటు మెడ దగ్గర జిప్పు కోసం తడుముకున్నాడు. బెంచీల్లో ఊరి మగాళ్ళందరి చేతులూ గొంతుల మీదికి పోయాయి. పాస్టర్‌ది కూడా.

"నాన్నా, ఆ చెయ్యి కాస్త దించు! వీణ్ణి ఊఁ అననీ!" అని కసిరింది మార్నీ. ఆమె చెయ్యీ మెడ దగ్గరే ఉంది.