ఎవరూ ఆడనప్పుడు

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. భిలాయి పవర్ హౌస్ స్టేషన్‌లో సంచి ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాను. ఆ నెలలో నాకు ఏడుపు కూడా రావడం మానేసింది.

పక్కనున్న ముప్పై ఏళ్ల మనిషి నా సంచి మీది తెలుగు అక్షరాలు చూసి నావైపు తిరిగాడు.

"దీదీ, ఒంట్లో బాగోనేదా? చాలాసేపైంది, కదల్నేదు మీరు."

బాగానే ఉందన్నాను. కాసేపటికి తన సంగతి తనే చెప్పాడు. స్మృతి నగర్‌లో ఒక మేడ మీద కంప్యూటర్ గేములు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేశాడట. మొదటి గేమ్ బజారుకు రాకముందే అది మూతపడిందట.

"అందులో మీ పనేమిటి?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఎవరూ బటన్ నొక్కనప్పుడు హీరో ఏటి చేస్తాడో, అదే నా పని. ఊరికే నిలబెడితే బొమ్మయిపోతాడు కదా. మా నాన్న సెక్టర్ 4లో స్టీల్ ప్లాంటు షిఫ్టు బస్సు కోసం ఎలాగ నిలబడీవోడో అలాగ నిలబెట్టేను."

లేచి చూపించాడు. బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మార్చాడు. చేతిలో లేని టిఫిన్ క్యారియర్‌ని కుడిచేతి నుంచి ఎడమచేతికి తీసుకున్నాడు. మెడ తిప్పి, బస్సు వచ్చే వైపు ఒకసారి చూశాడు.

"హీరో కత్తిని కూడా అలాగే చేతులు మార్చుకుంటాడు. ఆఖరి రోజు ఎవరం ఆడనేదు. అందరం కూచుని ఆడ్నే చూసేం. కంప్యూటర్ ఆపేసేదాకా బస్సు కోసం చూస్తూనే ఉన్నాడు."

అతని బండి ముందొచ్చింది. వెళ్లిపోయాడు.

కొంతసేపటికి నేనూ లేచాను. సంచిని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకున్నాను. నా బండి ఏ వైపు నుంచి వస్తుందో అప్పటిదాకా చూసుకోనేలేదు.